కదిలే బొమ్మలు, పసివారి క్షేమం

ఉత్తరాలు వ్రాసుకొనే రోజులలో ప్రతి ఉత్తరమూ క్షేమసమాచారంతోనే మొదలయ్యేది. ఇచ్చట మేమందరమూ క్షేమమని తెలుగులోనో, ఇక్కడ అంతా ఖైరియత్ అని ఉర్దూలోనో వ్రాసి, అవతలివారి క్షేమం కోరిన తరువాతనే అసలు సంగతికి వచ్చేవారు. ఆ ఉత్తరాలలో పిల్లల ముచ్చట ఎంతవరకు ఉండేదో జ్ఞాపకం చేసుకొనండి. పెద్దవాడు ఆరవ తరగతిలోకి వచ్చినాడు, చిన్నదానికి జ్వరం వచ్చి తగ్గింది, అంతటితో సరి. పిల్లవాడు లోలోపల ఎట్లా ఉన్నాడో ఎవరూ వ్రాసేవారు కారు. అడిగితే మాత్రం ఏమని చెప్పగలడు? ఆకలికి, దెబ్బకు, నిద్రకు వానికి మాటలున్నవి. దిగులుకు, సిగ్గుకు, కారణం తెలియని భయానికి వానివద్ద మాటలు లేవు. ఆ మాటలు వానికి ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు ఈ లోటును బడిలోనే తీర్చవచ్చునన్న ఆలోచన బలపడింది. 2018లో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో ఆనందాన్ని ఒక పాఠ్యాంశంగా ప్రవేశపెట్టినారు. మన రాష్ట్రంలోనూ ఆనందవేదిక పేరిట అటువంటి ప్రయత్నం జరిగింది. 2023లో నాడు–నేడు పథకం క్రింద ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు, ఉన్నత పాఠశాలలకు వ్రేలితో తాకితే బదులిచ్చే పెద్ద తెరలు వచ్చినవి. ఈ రెండూ కలిసినచోట పుట్టినదే మేమిక్కడ చర్చింపదలచిన విషయం. పసిపిల్లలకు శరీరారోగ్యం, మనోక్షేమం, తమను తాము కాపాడుకొనుట వంటి సంగతులను వీడియో బొమ్మల ద్వారా చెప్పుట. అవి కూడా ఊరక ఆడిపోయే బొమ్మలు కావు. నడుమ ఆగి, ‘ఈ పాప ఎందుకు ఏడుస్తున్నది?’ అని పిల్లలను ప్రశ్నించి, వారు చెప్పేదాకా కాచుకొని, లేదా తెరమీద తాకి చూపినదానిని బట్టి కథను ముందుకు నడిపే బొమ్మలు.

ఈ సాధనాన్ని మేము కాదనము, ముందుగానే ఆ మాట చెప్పుకొందుము. అయితే దానిని కొనేవారు, అమ్మేవారు, పొగిడేవారు కూడా బొమ్మ అడిగే ప్రశ్నను గూర్చియే మాట్లాడుతున్నారు. పిల్లవాడు చెప్పే బదులును వినేవారెవరన్నది వారికి పట్టినట్లు లేదు. మా దృష్టిలో అసలు విషయం అదే.

ప్రశ్నించే బొమ్మ మనకు క్రొత్తది కాదు. మన జిల్లాలోనే మర్రిపాడు మండలం డి.సి.పల్లిలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నవి. ఇప్పుడు వారి చేతిపని ఎక్కువగా దీపపు తెరలకు, గోడ అలంకారాలకు పోతున్నది గాని, ఆట ఆడిన కాలంలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి వచ్చి నేరుగా ప్రేక్షకులతోనే మాట్లాడేవారు. ముందు కూర్చున్న పిల్లలు కేక వేసినదానికి కేతిగాడు అప్పటికప్పుడు బదులిచ్చేవాడు. రామాయణ కథ మారదు, కాని ఆ ఊరి పిల్లల కేకను బట్టి ఆ రాత్రి హాస్యం మారేది. తెరవెనుక మనిషి ఉన్నాడు గనుక అది సాధ్యమైంది.

రేడియోలోనూ ఆ దారి త్రొక్కినవారున్నారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించి, ఆకాశవాణి బాలల కార్యక్రమాలలో పిల్లలచేతనే మాట్లాడించినారు, పాడించినారు. తరువాత వచ్చిన దూరదర్శన ప్రయోగం ఇంతకంటె ఎన్నో రెట్లు పెద్దది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా నుండి ఎరువు తెచ్చుకొన్న ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఉదయం పూట బడిపిల్లలకు పాఠాలు వచ్చేవి. విద్యుత్తు సరిగా లేని పల్లెలో ఆ పెట్టెను చూసిన పిల్లల ఆశ్చర్యం మేము ఊహించగలము. కాని అది ఒక్కవైపు సాగిన సంభాషణ. పల్లెపిల్లవాడు తెరతో ఏమైనా అంటే అది ఉపగ్రహందాకా పోదు గదా!

ఈనాటి వీడియో ఆ లోపాన్ని దిద్దగలదని చెప్పేవారి మాటలో కొంత నిజమున్నది. 1996లో అమెరికాలో మొదలైన బ్లూస్ క్లూస్ అనే కార్యక్రమంలో కథకుడు ప్రశ్న అడిగి, తెరలోనుండి పిల్లలవైపు చూస్తూ నోరు మూసుకొని నిలబడేవాడు. పెద్దలకు అది విసుగు పుట్టించే మౌనం. చూచే పిల్లలు మాత్రం ఆ మౌనంలోనే జవాబు అరిచేవారు. ఒకే భాగాన్ని వారంలో ఐదు రోజులూ వేసేవారు. మొదటిరోజు ఊరక చూచిన పిల్లలు, నాలుగు రోజులు గడిచేసరికి కథకునికంటె ముందే జవాబులు చెప్పేవారు. మన పిల్లలు ఒకే కథను నాయనమ్మచేత పదిసార్లు చెప్పించుకొనరా? ఇదీ అంతే.

అయినా ఆ బొమ్మ నిజంగా వినదు. పిల్లవాడు తప్పు చెప్పినా ‘భలే’ అంటుంది, ఏడ్చినా ‘భలే’ అంటుంది. పసివారు ఈ తేడాను మనమనుకొనే దానికంటె త్వరగా పసిగడతారు. ప్యాట్రిషియా కూల్, ఆమె సహచరులు 2003లో ప్రకటించిన పరిశోధన ఈ సందర్భంలో స్మరింపదగినది. తొమ్మిది నెలల అమెరికా శిశువుల ఎదుట ఒక మనిషి కూర్చుండి చైనా భాషలో కథలు చెప్పి ఆడించగా, పన్నెండు పర్యాయాలకే ఆ భాషలోని ధ్వనులను వారు గుర్తుపట్టగలిగినారు. అవే మాటలను, అంతేసేపు వీడియోలో చూపిన శిశువులకు ఏమీ అంటలేదు. 2014లో వెలువడిన మరొక పరిశోధన రెండేళ్ళ పిల్లలను గూర్చినది. ఎదుటనున్న మనిషి నేర్పిన క్రొత్త క్రియాపదాన్ని వారు నేర్చుకొన్నారు. వీడియో కాల్‌లో తమతో మాట్లాడిన మనిషి నేర్పినా నేర్చుకొన్నారు. ముందే తీసిపెట్టిన వీడియోనుండి మాత్రం నేర్చుకొనలేదు. ఆ మూడింటిలో మొదటి రెంటిని కలిపినది తెర కాదు, పిల్లవాని చూపునకు, పలుకునకు తగినట్లు అప్పటికప్పుడు బదులిచ్చే మనిషి.

దీనిని చదివినప్పుడు మాకు మన ఇళ్ళే గుర్తుకు వచ్చినవి. కువైట్, సౌదీ దేశాలకు బ్రతుకుతెరువుకై వెళ్ళిన తల్లిదండ్రులు కడప, నెల్లూరు జిల్లాలలో క్రొత్తకాదు. శుక్రవారం నాడు ఫోను తెరలో కనిపించి, ‘అన్నం తిన్నావా, ఎందుకురా ముఖం అట్లా పెట్టినావు?’ అని అడిగే తల్లియే మన ప్రాంతంలో పిల్లలకు దొరికిన మొట్టమొదటి ప్రశ్నించే వీడియో. ఆమెకు పాఠ్యప్రణాళిక తెలియదు. పిల్లవాని ముఖం మాత్రం తెలుసు. వేలరూపాయలు పోసి కొన్న ఏ బొమ్మకూ ఆ తెలివి ఇంకా రాలేదు.

మరి మనోభావాలను బొమ్మలు నేర్పగలవా? నేర్పగలవు, కాని షరతుపైన. అమెరికాలోనే డేనియల్ టైగర్ అనే చిన్నపిల్లల కార్యక్రమంపై 2016లో ప్రకటించిన అధ్యయనంలో, రెండేళ్ళ నుండి ఆరేళ్ళలోపు పిల్లలు ఇతరుల బాధను గ్రహించుటలో కొంత ముందడుగు వేసినట్లు తేలింది. అయితే ఇంట్లో తల్లిదండ్రులు తాము చూచినదానిని గూర్చి పిల్లలతో తరచు మాట్లాడే అలవాటున్నచోటనే ఆ మేలు కనిపించింది. ఊరక చూచి వదిలివేసిన ఇళ్ళలో కనిపించలేదు.

ఇక మన అనుమసముద్రంపేట సంగతికి వద్దాము. హజరత్ ఖాజా నాయబ్ రసూల్ దర్గా మూలంగా ఈ ఊరిపేరు పొరుగు రాష్ట్రాలలోనూ తెలిసినదే. మతభేదం లేకుండా ప్రజలు ఇక్కడికి వస్తారు. వారిలో మనసు చెదిరిన తమవారిని వెంటబెట్టుకొని వచ్చే కుటుంబాలు అనేకం. వారి విశ్వాసాన్ని గాని, వారికి ఇక్కడ లభించే ఊరటను గాని చులకన చేయుట మా ఉద్దేశం కాదు. ఎక్కడికి పోయినా దిక్కు దొరకనివారికి ఒక నీడ, నలుగురు మనుషులు దొరికే చోటది. మేము చెప్పదలచినది ఆ వీధులలో పెరిగే పిల్లలను గూర్చి. నగరంలో పిల్లవానికి మనోవ్యాధి అన్నది పుస్తకంలోని మాట. ఇక్కడి పిల్లవానికి అది రోజూ బడికి పోయేదారిలో ఎదురయ్యే మనిషి. పెద్దగా అరిచే స్త్రీని, తనలో తాను మాట్లాడుకొనే యువకుని చూసి, ‘ఏమైంది?’ అని వాడు అడిగితే, మనం ‘గాలి సోకింది, అటు చూడవద్దు’ అని చేయిపట్టి లాగుకొనిపోతాము. ఆ జవాబుతో వాడు రెండు సంగతులు నేర్చుకొంటాడు. మనసు బాధపడుట భయంకరమైనది. దానిని గూర్చి అడుగరాదు. రేపు వానికే రాత్రిపూట నిద్ర పట్టక గుండె దడదడలాడితే, తనకూ గాలి సోకిందేమోనని వణుకుతాడేగాని తల్లితో చెప్పడు.

ఈ మౌనం ఎంత ప్రమాదమో తెలియనిది కాదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందున 28 మంది మనోరోగులు తప్పించుకొనలేక ప్రాణాలు విడిచినారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగులను గొలుసులతో బంధించుటను నిషేధించింది. మరొకవైపు గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గావద్ద 2008 నుండి ముజావర్లు, వైద్యులు కలిసి పనిచేసిన దాఖలా ఉన్నది. దువా చేసిన ముజావరే రోగిని వైద్యునివద్దకు పంపుతాడు. ప్రార్థనా మానలేదు, మందూ మానలేదు. ఇటువంటి సయోధ్య పెద్దలకే సాధ్యమైనప్పుడు, దానిని అయిదేళ్ళ పిల్లలకు తెలిసేటట్లు ఒక బొమ్మకథగా ఎందుకు చెప్పరాదు? దర్గావీధిలోని ఒక పాప, ఏడుస్తున్న ఒక అక్కను చూస్తుంది. బొమ్మ ఆగుతుంది. ‘ఈ అక్కకు ఏమనిపిస్తున్నది? నీకెప్పుడైనా అట్లా అనిపించిందా?’ మా ఊరికి కావలసిన వీడియో ఇది. దీనిని బెంగుళూరులోనో ముంబయిలోనో తీసి పంపరు. వారికి ఈ వీధి తెలియదు.

తెలియనప్పుడు ఏమి జరుగుతుందో నీటి సంగతిలోనే చూడవచ్చు. ఆరోగ్యాన్ని గూర్చిన ఏ బొమ్మల పాఠమైనా రోజుకు ఇన్ని గ్లాసుల నీళ్ళు త్రాగుమంటుంది, పళ్ళు తోముకొంటే తెల్లగా మెరుస్తాయంటుంది. 1937లోనే వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించి ప్రకటించినారు. మన దేశంలో ఈ వ్యాధిని గూర్చి వచ్చిన తొలి వివరణలలో అది ఒకటి. నేటికీ ఉదయగిరి వైపు పల్లెలలో నీటి ఫ్లోరైడు బాధ ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆ హద్దు దాటిన బావి నీళ్ళు త్రాగి పెరిగిన పిల్లవాని పళ్ళమీద గారచారలు ఎంత తోమినా పోవు. తెరమీది బొమ్మ మాత్రం ‘నీ పళ్ళు తెల్లగా లేవా? అయితే నీవు తోమడం లేదు!’ అని నవ్వుతుంది. తోటిపిల్లలూ నవ్వుతారు. క్షేమపాఠం పేరిట వాని నెత్తిన సిగ్గును పెట్టినట్లయింది. అదే పాఠాన్ని ఇక్కడి ఉపాధ్యాయుడు చెబితే, ‘ఏ నీళ్ళు త్రాగుతున్నావు, ఎక్కడినుండి తెస్తారు?’ అని అడిగేవాడు.

అన్నిటికంటె బరువైనది స్పర్శను గూర్చిన పాఠం. చైల్డ్‌లైన్ సంస్థ ‘కోమల్’ అనే బొమ్మచిత్రాన్ని పలు భారతీయ భాషలలో ప్రచారంలోకి తెచ్చింది. నమ్మకస్తుడైన పొరుగువాడు ఒక పాపను బాధించిన తీరును అది పిల్లలను బెదరగొట్టకుండా చెబుతుంది. ఇటువంటి చిత్రాలు బడులలో చూపవలసినవే. అయితే చిత్రం ముగిసిన తరువాత మూలనున్న ఒక పాప మెల్లగా వచ్చి, ‘టీచర్, నాకూ...’ అన్నదనుకొనండి. ఆ క్షణానికి సిద్ధంగా ఉన్న ఉపాధ్యాయిని ఆ గదిలో ఉన్నదా? 2012నాటి పోక్సో చట్టం ప్రకారం అటువంటి విషయం తెలిసినవారు పోలీసులకు తెలుపవలసిందే, దాచుట నేరం. 1098 అనే ఫోను నెంబరు గోడమీద వ్రాసి ఉన్నదా? లేక తీగలు సర్దుకొంటూ, ‘ఊరకుండు, అటువంటి మాటలు మాట్లాడకూడదు’ అని కసరుకొనే పెద్దమనిషి ఉన్నాడా? రెండవదే జరిగితే ఆ చిత్రం చూపకుండుటే మేలని మా నిశ్చితాభిప్రాయం. నోరు తెరచిన పాపను మరల మూయించినట్లయితే ఆమె ఇక ఎన్నడూ తెరవదు.

ఉపాధ్యాయుల పక్షాన ఒకమాట చెప్పవలసి ఉన్నది. భోజనాల లెక్క, హాజరు యాప్, వీటిమధ్య పాఠమే వెనుకబడుతున్నదని వారి మొర. అంగన్‌వాడీ కార్యకర్తల స్థితి ఇంతకంటె మెరుగు కాదు. వీడియో వచ్చింది గనుక వారికి కాస్త విశ్రాంతి దొరుకుతుందని కొందరు తలచుట సహజం. అందువల్లనే మేము అంటున్నది, తెరకు వెచ్చించే సొమ్ములో ఒక భాగం వినేవారికి శిక్షణ యిచ్చుటకు, వారికి కొంత సమయం మిగిల్చుటకు పోవలెను. ఒక పదినిమిషాల బొమ్మకు ఇరవై నిమిషాల మాట కావాలి. పైగా తెర ఎంతసేపన్నది కూడా చూచుకోవలసిందే. ఏడాది నిండని శిశువులకు తెరలే తగవనీ, రెండు నుండి నాలుగేళ్ళవారికి రోజుకు గంటకు మించరాదనీ, తగ్గితే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించుటకు ఫోను చేతికిచ్చే ఇళ్ళలో ఆ గంట ఉదయానికే అయిపోతున్నది.

ఇక భాష. ఇది మా పత్రిక రెండు భాషలది గనుక మాత్రమే చెప్పుట లేదు. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూకు రెండవ అధికారభాష హోదా చట్టరీత్యా లభించింది. సంతోషం. కాని నాలుగేళ్ళ పాపకు కచేరీ ఉర్దూ అక్కరలేదు. ఆమె అమ్మతో ‘దిల్ ఘబ్రారా’ అంటుంది. ప్రక్కింటి పిలగాడు ‘గుండె దడగా ఉండాది’ అంటాడు. ఇద్దరూ ఒకే బాధను చెబుతున్నారు. వీడియోలోని బొమ్మ మాత్రం ‘మీరు ఆందోళనకు గురవుతున్నారా?’ అని అనువాదపు తెలుగులో అడుగుతుంది! పిలకాయలకు ఆ మాటకు అర్థం చెప్పుటకే మరో వీడియో కావలసివస్తుంది. మనసులోని సంగతి బయటపడేది ఇంటిభాషలోనే. యూనిసెఫ్ వారు 1990లలో దక్షిణాసియా దేశాల కోసం ‘మీనా’ అనే పాప బొమ్మను, ఆమె చిలుక మిట్ఠూను సృష్టించినప్పుడు, హిందువుల ఇంటిలోనూ ముస్లింల ఇంటిలోనూ చెల్లే పేరును ఏరి పెట్టినారు. ఆపాటి శ్రద్ధ ప్రతి మాటలోనూ ఉండవలెను.

మేము ప్రతిపాదించేది పెద్దపని కాదు. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ చదివే విద్యార్థినీ విద్యార్థులు కలిసి, ఈ వేసవి సెలవులలో అయిదారు నిమిషాల బొమ్మకథలు ఆరింటిని తయారుచేయగలరు. బొమ్మలకు వెదకవలసిన పనిలేదు. ఉదయగిరి స్త్రీలు చెక్కే కొయ్యగరిటెలు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులు. ఒక గరిటెకు కళ్ళు, మూతి దిద్దితే అమ్మ, చిన్న చెమ్చాకు దిద్దితే పాప. ఒక ఫోను, ఒక తెల్లదుప్పటి, పగటి వెలుతురు చాలును. ప్రతి కథలో మూడుచోట్ల బొమ్మ ఆగవలెను. ఆగినచోట జవాబు ముందే వ్రాసిపెట్టరాదు. తెరను ఆపి, ప్రక్కనున్న పెద్దవారే పిల్లలతో మాట్లాడవలెను. తల్లి చూడదగిన ఒక కాగితం, ఏమి అడుగవలెనో, ఏమి అనరాదో రెండు లిపులలోనూ అచ్చువేసి కథతోబాటు ఇవ్వవలెను. ఆ కాగితం అడుగున 1098, టెలీమానస్ వారి 14416 నెంబర్లు ఉండవలెను. 2022 అక్టోబరులో మొదలైన ఆ రెండవ సేవలో తెలుగులోనూ మాట్లాడవచ్చును.

మొదట దర్గావీధిలోని ఒకటి రెండు అంగన్‌వాడీలలో చూపి, పిల్లలు ఏమన్నారో వ్రాసుకొని, ఆ మాటలతోనే రెండవకథను మొదలుపెట్టుట మంచిదని మా తలంపు. నీళ్ళకథ వ్రాయుటకు ఉదయగిరి వైపునుండి వచ్చే విద్యార్థులే తగుదురు. దర్గావీధి కథకు ఆ వీధిలో పెరిగినవారు కావాలి. దానిని ముజావరు పెద్దలకు, ఒక వైద్యునికి ముందుగా వినిపించి, వారి సమ్మతితోనే తీయవలెను. కథానాయికగా ఉండే పాపకు పేరు ఇంకా పెట్టలేదు. మీనావలె రెండు ఇళ్ళలోనూ చెల్లే పేరు, నెల్లూరి నోటికి, దక్కనీ నోటికి తేలికగా పలికే పేరు కావాలి. పాఠకులకు ఎవరికైనా తోచినట్లయితే సంపాదకవర్గానికి వ్రాసి పంపవలసినదిగా కోరుతున్నాము.